నివురు గప్పిన నిప్పు: డెబొరా కార్ నట జీవితం

స్కాట్లండ్ పశ్చిమ తీరంలో, క్లైడ్ నది సముద్రాన్ని చేరే చోట, హెలెన్స్‌బరా అని ఓ చిన్న పట్టణం. టెలివిజన్ ఆద్యుల్లో ఒకడైన జాన్ లోగీ బెయిర్డ్ 1888లో పుట్టింది ఆ ఊళ్లోనే. 1921 సెప్టెంబరు 30న గ్లాస్గోలో పుట్టిన ఓ ఆడపిల్ల పసితనం గడిచింది కూడా అక్కడే, తాతయ్య, నాయనమ్మల దగ్గర. పేరు డెబొరా జేన్, ఇంటిపేరు ట్రిమ్మర్. లోకం ఎరిగిన పేరు డెబొరా కార్. నలభై అయిదేళ్ల పాటు వెండితెర మీద, రంగస్థలం మీద, చివర్లో బెయిర్డ్ కలగన్న ఆ చిన్న తెర మీద కూడా నటించింది. ఉత్తమ నటి ఆస్కార్‌కు ఆరుసార్లు పోటీపడింది. ఆరుసార్లూ వట్టి చేతులతోనే తిరిగి వచ్చింది.

ఆమె పేరెత్తితే చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి, హవాయి ఒడ్డున కెరటాలు మీద పడుతుండగా బర్ట్ లాంకాస్టర్ కౌగిలిలో ఉన్న ఫొటో. రెండోది, పత్రికలు ఆమె మీద వేసిన ముద్ర: పెద్దింటి మర్యాదలు మూర్తీభవించిన దొరసాని. రెండూ అబద్ధం కాదు గాని, రెండూ అసలు మనిషిని కప్పేస్తాయి. నా మట్టుకు నాకు ఆమె నటనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది. తనను తాను గట్టిగా అదుపులో పెట్టుకునే స్త్రీ లోపల ఏం జరుగుతుంది, ఆ అదుపు కోసం ఆమె ఏమేం పోగొట్టుకుంటుంది? నివురు గప్పిన నిప్పు అన్న మాట ఇంతగా అతికే నటి నాకు మరొకరు తట్టరు.

తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో, సోమ్ పోరులో, ఒక కాలు పోగొట్టుకున్న సైనికాధికారి. చదువంతా ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్ ప్రాంతంలో సాగింది. అక్కడ బంధువు ఒకావిడ నడిపే నాటక పాఠశాలలో మొదటి పాఠాలు నేర్చుకుంది. కానీ ఆ పిల్ల ముందు మోజుపడింది నాట్యం మీద. లండన్‌లోని సాడ్లర్స్ వెల్స్ బాలే పాఠశాలలో సీటు దొరికింది. 1938లో బృంద నర్తకిగా వేదిక ఎక్కింది. మనిషి పొడగరి కావడం అడ్డు వచ్చి బాలే వదిలేసి నటన వైపు వచ్చింది. ఆ కొద్దికాలపు సాధన మాత్రం జీవితాంతం ఉపయోగపడింది. ఆమె సినిమాలు వరసగా చూస్తే, ఆ నిటారు వీపే సగం నటన అని అర్థమవుతుంది. పాత్ర ఎంత కుంగిపోయినా వీపు వంగదు. వంగినప్పుడు మాత్రం మనకు ప్రాణం ఉసూరుమంటుంది.

1941లో బెర్నార్డ్ షా నాటకం ఆధారంగా వచ్చిన 'మేజర్ బార్బరా'లో చెంపదెబ్బ తిని కూడా కొట్టినవాణ్ణి క్షమించే సాల్వేషన్ ఆర్మీ పిల్లగా చిన్న వేషం వేసింది. అదే ఏడు 'లవ్ ఆన్ ది డోల్'లో ఏకంగా కథానాయిక. సాల్ఫోర్డ్ మిల్లుల మధ్య నిరుద్యోగంతో చితికిపోయిన కుటుంబం, ఇంటిని నిలబెట్టడానికి డబ్బున్నవాడి చేతికి తనను అప్పగించుకునే కూతురు. ఈ కథను తెరకెక్కించడానికి 1930లలో బ్రిటిష్ సెన్సార్ వాళ్లు ఒప్పుకోలేదు. యుద్ధం వచ్చాక గాని దారి దొరకలేదు. ఆ మరుసటేడు ఎ.జె. క్రోనిన్ నవలను తీసిన 'హ్యాటర్స్ కాసిల్'లో, కడుపుతో ఉందని తెలిసి తండ్రి వెళ్లగొట్టిన స్కాటిష్ అమ్మాయి. దొరసాని అన్న ముద్ర పడకముందు ఆమె మొదలుపెట్టింది ఇలాంటి పాత్రలతోనని చాలామంది మరచిపోయారు. గుర్తు చేయడం అవసరం.

1943లో మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ జంట 'ది లైఫ్ అండ్ డెత్ ఆఫ్ కర్నల్ బ్లింప్' తీశారు. ఒక సైనికుడి నలభై ఏళ్ల జీవితం. అతను యౌవనంలో చేజార్చుకున్న స్త్రీ ముఖమే తర్వాత భార్యలోనూ, ముసలితనంలో కారు నడిపే అమ్మాయిలోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ ముగ్గురూ డెబొరాయే. షూటింగ్ నాటికి ఆమెకు ఇరవయ్యొకటి కూడా సరిగ్గా నిండలేదు. ముగ్గురికీ ముఖం ఒకటే అయినా మాటతీరు, నడక, చూపులోని తెగువ వేరు. మొదటి ఆవిడ 1902 నాటి చదువుకున్న గవర్నెస్, ఆడదానికి గౌరవంగా బతికే దారులు తక్కువని కోపం. చివరి అమ్మాయి యుద్ధకాలపు యూనిఫాం వేసుకుని పెద్దవాళ్లను ఆటపట్టిస్తుంది. ఆ నలభై ఏళ్లలో బ్రిటన్‌లో ఆడవాళ్లు ఎంత మారారో మాటల్లో చెప్పకుండానే ఆమె చూపించేసింది. చర్చిల్‌కు ఈ సినిమా నచ్చక ఆపించాలని చూశాడు. అదృష్టం, ఆపలేకపోయాడు.

1947 మేలో, మన స్వాతంత్ర్యానికి మూడు నెలల ముందు, అదే జంట తీసిన 'బ్లాక్ నార్సిసస్' బ్రిటన్‌లో విడుదలైంది. రూమర్ గాడెన్ నవల ఇది. గాడెన్ చిన్నతనం చాలావరకు తూర్పు బెంగాల్‌లోని నారాయణగంజ్‌లో గడిచింది. కథ హిమాలయాల్లో. ఒకప్పుడు రాజుగారి అంతఃపురంగా ఉన్న పాత భవనంలో బడి, ఆసుపత్రి నడపడానికి వచ్చిన క్రైస్తవ సన్యాసినులు అక్కడి గాలికి, ఎత్తుకు, ఏకాంతానికి ఒక్కొక్కరే చెదిరిపోతారు. యూనిట్ ఒక్క రోజు కూడా ఇండియా గడప తొక్కలేదు. కొండలన్నీ పైన్‌వుడ్ స్టూడియోలో అద్దాల మీద వేసిన బొమ్మలు, తోటలు ససెక్స్‌లోని లెనర్డ్స్‌లీవి. మైసూరు ప్రాంతం నుంచి వెళ్లిన సాబు ఇందులో యువరాజు. స్థానిక పిల్ల కాంచీగా మాత్రం జీన్ సిమన్స్‌కు చామనఛాయ రంగు పూశారు. అందులోని ఇండియా ఇంగ్లిషువాళ్లు ఊహించుకున్న ఇండియా. మనవాళ్లు దాన్ని చూసి మొహం చిట్లించుకుంటే తప్పు పట్టలేం.

అయినా సిస్టర్ క్లోడా పాత్రలో డెబొరాను చూడకపోతే నష్టం మనదే. తెల్లని ముసుగులో ముఖం తప్ప ఏమీ కనబడదు. జుట్టు లేదు, చేతులు అంగీలో దాగి ఉంటాయి. నటికి మిగిలింది కళ్లు, పెదవులు, గొంతు. ప్రార్థన మధ్యలో ఆమె మనసు ఐర్లండ్‌లోని పాత రోజులకు జారిపోతుంది. మంచి నగ పెట్టుకుని, ప్రేమించినవాడి పిలుపు విని చీకట్లోకి పరుగెత్తిన క్షణం గుర్తొస్తుంది. ముసుగు కింద ఆ ముఖం రెండు సెకన్లు విచ్చుకుని మళ్లీ మూసుకుంటుంది. సన్యాసినికి అలాంటి జ్ఞాపకాలు ఉండకూడదని అమెరికాలో కాథలిక్ సంఘం పట్టుబట్టి ఆ ఘట్టాలు కత్తిరింపజేసింది. అంటే సినిమాకు ఆయువుపట్టు ఎక్కడుందో వాళ్లకు బాగానే తెలిసిందన్నమాట. ఈ సినిమాకూ, అంతకు ముందరి 'ఐ సీ ఎ డార్క్ స్ట్రేంజర్'కూ కలిపి న్యూయార్క్ సినీ విమర్శకులు ఆమెకు ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు.

అప్పటికే ఎమ్‌జీఎమ్ అధినేత లూయీ బి. మేయర్ ఆమెను హాలీవుడ్‌కు రప్పించుకున్నాడు. 'కార్' అంటే 'స్టార్'తో ప్రాస కలుస్తుందని ప్రచారం చేసి అమెరికన్లకు పేరు పలకడం నేర్పించారు. ఆ తర్వాత ఆరేళ్లు ఆమెతో ఏం చేయాలో వాళ్లకు తెలియలేదు. స్పెన్సర్ ట్రేసీ పక్కన తాగుడుకు బానిసైన భార్యగా నటించిన 'ఎడ్వర్డ్, మై సన్' (1949) మొదటి ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. అదొక్కటే మినహాయింపు. మిగతావి ఆఫ్రికా అడవుల్లో 'కింగ్ సాలమన్స్ మైన్స్', రోమ్‌లో 'కో వాడిస్', తర్వాత 'ది ప్రిజనర్ ఆఫ్ జెండా'. భారీ సెట్లు, చక్కని బట్టలు, హీరో పక్కన నిలబడే పని. డబ్బు బాగా వచ్చింది. నటికి మాత్రం అవి కరువు రోజులే.

1953లో ఆమె తనంతట తాను ఆ పంజరం విరగ్గొట్టుకుంది. కొలంబియా సంస్థ 'ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ' తీస్తోంది. పెరల్ హార్బర్ దాడికి ముందు హవాయి సైనిక శిబిరంలో కథ. కెప్టెన్ భార్య కరెన్ హోమ్స్ ఎంతోమందితో తిరిగిందని శిబిరమంతా చెప్పుకుంటారు. ఆ వేషానికి అనుకున్న జోన్ క్రాఫర్డ్ దుస్తుల విషయంలో పేచీపడి తప్పుకుంది. డెబొరా జుట్టుకు బంగారు రంగు వేయించుకుని, అమెరికన్ యాస పట్టి, అందరి అంచనాలనూ తలకిందులు చేసింది.

అందరూ చెప్పుకునే సముద్రపు ఒడ్డు సన్నివేశం ఓహూ దీవిలోని హలోనా కోవ్ దగ్గర తీశారు. కెరటాల్లో ముద్దు కొన్ని సెకన్లే. నటన అసలు మొదలయ్యేది ఆ తర్వాత. ఇసుకలోకి పరుగెత్తుకొచ్చాక, ఇంతకుముందు ఎంతమంది అన్న ఈర్ష్య ప్రియుడు లాంకాస్టర్ మాటల్లో బయటపడుతుంది. అప్పుడామె చెబుతుంది. నెలలు నిండిన రాత్రి నొప్పులు మొదలైతే మొగుడు తాగి వచ్చి పడిపోయాడని, డాక్టరు సమయానికి రాలేదని, బిడ్డ దక్కలేదని, ఇక పిల్లలు పుట్టరని. ఏడుపు లేదు, గొంతు పెరగదు. ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకుని అరిగిపోయిన మాటల్లా చెబుతుంది. ఆ సినిమాకు ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. ఆమెకు నామినేషన్ దగ్గరే ఆగింది. పోస్టర్ల మీద ఎక్కిందేమో ముద్దు. ఆ ఒప్పుకోలు పోస్టరు మీదికి ఎక్కేది కాదు.

అదే ఏడాది బ్రాడ్‌వేలో ఎలియా కజాన్ దర్శకత్వంలో 'టీ అండ్ సింపతీ' నాటకం ఆడింది. తోటివాళ్ల అవహేళనకు నలిగిపోతున్న విద్యార్థిని ఆదరించే మాస్టారి భార్య పాత్ర. 1956లో సినిమాగా తీసినప్పుడు అప్పటి సెన్సార్ నియమాలు దాన్ని సగం పలచన చేశాయి.

1956లోనే 'ది కింగ్ అండ్ ఐ'. సయాం రాజు యూల్ బ్రినర్, పిల్లలకు పాఠాలు చెప్పడానికి వచ్చిన వితంతువు డెబొరా. పాటలు ఆమె గొంతువి కావు, మార్నీ నిక్సన్‌వి. మన తెలుగువాళ్లకు ఇందులో వింతేముంది? అప్పటికే మన ఇళ్లలో ఘంటసాల, లీల, జిక్కి, సుశీల పేర్లు తారల పేర్లంత మామూలు. హాలీవుడ్‌లో మాత్రం అది దాచిపెట్టాల్సిన రహస్యం. మార్నీ పేరు తెర మీద వేయలేదు, బయట నోరెత్తవద్దని స్టూడియో గట్టిగా హెచ్చరించింది. ఆ గుట్టు విప్పింది డెబొరాయే. తన పేరున వస్తున్న మెప్పులో వాటా అసలు మనిషికి ఇచ్చింది. పైగా వాళ్లిద్దరూ రిహార్సల్స్‌లో పక్కపక్కనే నిలబడి, ఒకరి శ్వాస ఒకరు గమనించుకుంటూ పనిచేశారు. మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలవుతుందో తెలియనంతగా గొంతులు కలిపారు. మరుసటేడు 'ఏన్ అఫేర్ టు రిమెంబర్'లోనూ ఆ జంట గొంతే. క్యారీ గ్రాంట్ నాయకుడుగా, కలుసుకుందామని మాట ఇచ్చుకుని కలవలేకపోయిన ప్రేమికుల కథ అది. లియో మెక్‌కేరీ తన 1939 నాటి సినిమానే మళ్లీ తీశాడు. మనవాళ్లకు తెలిసిన ఆమిర్ ఖాన్, మనీషా కొయిరాలా 'మన్' (1999) పుట్టింది దీని నుంచే.

1957లో 'హెవెన్ నోస్, మిస్టర్ ఆలిసన్'లో మళ్లీ సన్యాసిని వేషం. జపాన్ సైన్యం తిరిగే దీవిలో ఒక అమెరికన్ సైనికుడితో చిక్కుకుపోయిన సిస్టర్ ఏంజెలా. ఎదుట రాబర్ట్ మిచమ్. అతను మొరటు, ఆమె నాజూకు అనుకుంటే పొరపాటు, ఇద్దరూ పనిలో ఒకే రకం మనుషులు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. తర్వాతి ఏడు 'సెపరేట్ టేబుల్స్'లో తల్లి చెప్పుచేతల్లో నలిగిపోయిన పెళ్లికాని కూతురు సిబిల్. ఒంగిన భుజాలు, నలిగిన బట్టలు, తడబడే మాట. చివర్లో భోజనాల గదిలో, అందరూ చూస్తుండగా, తనతో లేచి రమ్మని తల్లి ఆజ్ఞాపిస్తుంది. సిబిల్ లేవదు. సినిమాలో జరిగేదంతా అంతే, కుర్చీలోంచి లేవకపోవడం. ఒక జీవితకాలపు తిరుగుబాటు ఆ కూర్చోవడంలో ఉంది.

1960 నాటి 'ది సన్‌డౌనర్స్' కోసం దర్శకుడు ఫ్రెడ్ జినెమన్ ఆమెను ఆస్ట్రేలియా పచ్చిక బయళ్లకు తీసుకెళ్లాడు. గొర్రెల మందలు తోలుకుంటూ ఊరూరా తిరిగే మొగుడు మిచమ్, స్థిరమైన ఇల్లు కావాలనుకునే ఇల్లాలు ఐడా ఆమె. అందులో ఓ రైల్వే స్టేషన్ ఘట్టం. దుమ్ము కొట్టుకుపోయిన బట్టలతో ఐడా ప్లాట్‌ఫాం మీద ఉంది. ఆగిన రైలు కిటికీలో ఓ సొగసైన ఆడమనిషి ముఖానికి పౌడరు అద్దుకుంటోంది. ఇద్దరి చూపులూ కలుస్తాయి. ఐడా చేయి అసంకల్పితంగా తన జుట్టు వైపు వెళుతుంది. రైలు కదిలిపోతుంది. ఒక్క మాట లేదు. దశాబ్దానికి పైగా హాలీవుడ్ ఆమెను కిటికీ లోపలి మనిషిగానే చూపింది. బయట నిలబెట్టినవాడు జినెమన్. ఇది ఆరో నామినేషన్. ఆ ఏడు బహుమతి ఎలిజబెత్ టేలర్‌కు వెళ్లింది.

ఇక నా దృష్టిలో ఆమె శిఖరం 1961 నాటి 'ది ఇన్నోసెంట్స్'. దానికి నామినేషన్ కూడా రాలేదు. హెన్రీ జేమ్స్ దెయ్యం కథ, జాక్ క్లేటన్ దర్శకత్వం. మారుమూల బంగళాలో ఇద్దరు అనాథ పిల్లలకు గవర్నెస్‌గా వచ్చిన మిస్ గిడెన్స్‌కు, చనిపోయిన ఇద్దరు నౌకర్లు కనబడుతుంటారు. నిజంగా ఉన్నారా, ఆమె మనసే పుట్టిస్తోందా? మూల కథలో గవర్నెస్ ఇరవై ఏళ్ల పిల్ల. నలభైకి చేరువైన డెబొరా రావడంతో కథ లోతు మారింది. పాస్టర్ ఇంట్లో కట్టుబాట్ల మధ్య పెరిగి, ఏ మోహమూ ఎరగకుండా మధ్యవయసుకు వచ్చిన స్త్రీ భయం ఎలా ఉంటుందో ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ తెర అంచులు చీకటయ్యేలా ఫిల్టర్లకు రంగు పూశాడు, కొవ్వొత్తులకు ఎక్కువ వత్తులు పెట్టించాడు. ఆ కొవ్వొత్తులు పట్టుకుని ఆమె వసారాల్లో తిరుగుతుంటే మనం దెయ్యాల కోసం చీకట్లోకి చూడం, ఆమె కళ్లలోకి చూస్తాం. పిల్లల మీద ప్రేమ ఎక్కడ ఆగి పట్టుదల ఎక్కడ మొదలైందో ఆమె చివరిదాకా చెప్పదు. అందుకే ఆ సినిమా ఇప్పటికీ పాతబడలేదు.

జాన్ హ్యూస్టన్ మెక్సికో తీరంలో తీసిన 'ది నైట్ ఆఫ్ ది ఇగ్వానా' (1964) తర్వాత మంచి పాత్రలు తగ్గిపోయాయి. 1967లో 'కాసినో రాయల్' హడావుడిలో సరదాగా స్కాటిష్ యాస పలికింది. 1969లో లాంకాస్టర్‌తో మళ్లీ కలిసి ఒక సినిమా, కజాన్‌తో మరొకటి చేసి సినిమాలకు దూరమైంది. నలభై దాటిన నటీమణులకు కథలు రాయడం మానేసిన పరిశ్రమదే ఆ లోటు. ఆమె రంగస్థలానికి తిరిగి వెళ్లింది. 1972లో లండన్‌లో 'ది డే ఆఫ్టర్ ది ఫెయిర్', 1975లో బ్రాడ్‌వేలో ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం 'సీస్కేప్'.

తర్వాత ఆదరించింది టెలివిజనే. 1982లో 'విట్నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్'లో రాల్ఫ్ రిచర్డ్‌సన్ లాయరుకు నర్సుగా నవ్వించింది. ఇందులో కీలకమైన భార్య పాత్ర డయానా రిగ్‌ది. 1984లో 'ఎ వుమన్ ఆఫ్ సబ్‌స్టెన్స్'. యార్క్‌షైర్‌లో పనిమనిషిగా మొదలై వ్యాపార సామ్రాజ్యం కట్టిన ఎమ్మా హార్ట్ కథ, వృద్ధురాలైన ఎమ్మా డెబొరా. బ్రిటన్‌లో ఛానల్ 4 ప్రసారం చేస్తే 1 కోటీ 38 లక్షల మంది చూశారు. ఎమ్మీ నామినేషన్ కూడా వచ్చింది. మరుసటేడు పాత మిత్రుడు మిచమ్‌తో ఓ టీవీ సినిమా, 1986లో ఎమ్మా కథకు కొనసాగింపు. బుల్లితెర మీద ఆమె వయసు దాచుకోలేదు. ముడతలు పడ్డ ముఖంతో అధికారం చలాయించే స్త్రీని చూసి జనం మెచ్చుకున్నారు.

వెండితెర మీద చివరిది 'ది అస్సాం గార్డెన్' (1985). అస్సాం తేయాకు తోటల్లో బతికి ఇంగ్లండ్ వచ్చేసిన దొర చనిపోతాడు. అతను పెంచిన తోటను భార్య హెలెన్ ఒంటరిగా సాకుతుంటుంది. ఆమెకు తోడయ్యేది దగ్గర్లో ఉండే భారతీయ ఇల్లాలు రుక్మిణి, మధుర్ జాఫ్రీ. ఇంటికి, అంటే ఇండియాకు, వెళ్లిపోవాలని రుక్మిణి మనసు కొట్టుకుంటుంది. హెలెన్ మొదట్లో పాత దొరసాని మాటతీరు వదలదు. మెల్లగా ఆ బింకం సడలుతుంది. ఈ తోట కూడా ఇంగ్లండ్‌దే, 1947 నాటి 'బ్లాక్ నార్సిసస్' తోటలాగే. కాని ఈసారి ఇండియా నుంచి వచ్చిన మనిషి పాత్రను ఇండియాలో పుట్టిన నటి వేసింది, ఆమెకూ సొంత దిగులు ఉంది, సొంత మాట ఉంది. బ్రిటిష్ సినిమా ఈ నలభై ఏళ్లలో నేర్చుకున్నది కొంత అక్కడ కనిపిస్తుంది. ఈ సినిమాను అంతగా ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధే.

సొంత జీవితాన్ని ఆమె వీధికెక్కించలేదు. 1945లో యుద్ధ విమాన చోదకుడు ఆంథొనీ బార్ట్‌లీతో పెళ్లి, ఇద్దరు కూతుళ్లు, 1959లో విడాకులు. 1960లో రచయిత పీటర్ వియర్టెల్‌ను పెళ్లాడి స్విట్జర్లండ్‌లో, స్పెయిన్‌లో కాపురం ఉంది. 1994 మార్చి 21న ఆస్కార్ వేదిక మీద గౌరవ పురస్కారం అందుకుంది. అందించిన గ్లెన్ క్లోజ్ అప్పటికి అయిదుసార్లు పోటీపడి ఒక్కసారీ గెలవని నటి కావడం ఆ రాత్రికి సరిపోయింది. హాలంతా లేచి నిలబడింది. 1998లో సీబీఈ గౌరవం వచ్చింది గాని స్వయంగా వెళ్లి అందుకునే ఆరోగ్యం లేదు. పార్కిన్సన్స్ వ్యాధితో 2007 అక్టోబరు 16న ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో, 86 ఏళ్ల వయసులో కన్నుమూసింది. మూడు వారాలు తిరక్కుండానే నవంబరు 4న వియర్టెల్ కూడా పోయాడు.

2020 చివర్లో బీబీసీ 'బ్లాక్ నార్సిసస్'ను మూడు భాగాల ధారావాహికగా మళ్లీ తీసింది. ఈసారి కొంత భాగం నిజంగానే హిమాలయాల్లో, నేపాల్‌లోని జోమ్సోమ్ వైపు చిత్రీకరించారు. అంచుల్లో నిజమైన మంచుకొండలు నిలబడ్డాయి. సిస్టర్ క్లోడాగా జెమ్మా ఆర్టర్టన్ శ్రద్ధగా నటించింది. అయినా చాలామంది సమీక్షకులు పోలిక కోసం తిరిగి వెళ్లింది స్టూడియో గోడల మధ్య తీసిన 1947 నాటి సినిమాకే. ఆ కొత్త ధారావాహికలో మఠాధిపతిగా కనిపించింది డయానా రిగ్. ప్రసారం మొదలయ్యేనాటికి ఆమె కూడా లేదు.